ఈలమ్మ తెల్ల దుప్పట్లు

ఆ కరెంటు కాలనీలోకి కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు మొదటి వారంలోనే ఒకసారి హడలిపోయేవాళ్ళు. అంతా ప్రశాంతంగా ఉండేది. కూరగాయల బండి ఏదో ఒక బ్లాకు ముందు ఆగి ఉండేది. మెట్ల మీద కూర్చుని ఎవరో కబుర్లాడుకుంటూ ఉండేవాళ్ళు. ఇంతలో నాలుగో బ్లాకు డాబా మీద నుంచి పొడుగ్గా ఒక ఈల వినిపించేది. అంతే. పాలు కాస్తున్నవాళ్ళు పొయ్యి కట్టేసి, ఫోనులో మాట్లాడేవాళ్ళు ఫోను కుర్చీలో పడేసి, స్నానానికి దిగినవాళ్ళు చెవుల్లో సబ్బు నురగతోనే డాబాల మీదికి పరుగు తీసేవాళ్ళు. కాసేపట్లో కాలనీ మొత్తం మీద ఒక్క దండెం మీద కూడా ఒక్క చేతిరుమాలు మిగిలేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏం మునిగిపోయిందో తెలియక చంటిపిల్లల్ని చంకనేసుకుని వీధిలోకి వచ్చి నిలబడేవాళ్ళు. వాళ్ళ బట్టలు మాత్రం దండెం మీదే ఉండిపోయేవి. కాసేపటికి బూడిద రాలేది. అప్పుడర్థమయ్యేది వాళ్ళకి, ఆ ఈల ఎందుకో.

ఆ ఈల ఊదే మనిషే ఈలమ్మ. అసలు పేరు రేషను కార్డులో ఉంది, అక్కడే ఉంది. కాలనీలో ఆ పేరు పెట్టి అడిగితే ఏ బ్లాకు చూపించాలో ఎవరికీ తెలియదు. నాలుగో బ్లాకు కింద ఒక చిన్న గదిలో ఆవిడకి ఇస్త్రీ కొట్టు ఉండేది. కాలనీకి పడమట కరెంటు ఫ్యాక్టరీ, దాని నెత్తి మీద మేఘాలతో సరసాలాడే పొగగొట్టం. తూర్పున ఒక బోడి గుట్ట. మధ్యలో వరసగా నిలబడ్డ క్వార్టర్లు. గాలి పడమటి నుంచి తిరిగిందంటే పొగగొట్టంలోని బూడిదంతా నేరుగా కాలనీ డాబాల మీదికే. ఈలమ్మ ఇస్త్రీ చేస్తూనే ఒక కన్ను కిటికీలోంచి పొగ మీద వేసి ఉంచేది. పొగ నిటారుగా నిలబడితే దిగులు లేదు. ఒక పక్కకి ఒరిగి, తోక సన్నబడి, కాలనీ నీళ్ళ ట్యాంకు వైపు వంగిందంటే ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, మెట్లెక్కి, పొడుగ్గా ఒక ఈల. గాలి మళ్ళాక చిన్నగా రెండు ఈలలు, అంటే మళ్ళీ ఆరేసుకోండి అని. వాన పడుతుందో లేదో రేడియో తప్పు చెప్పింది గానీ, బూడిద సంగతి ఈలమ్మ తప్పు చెప్పలేదు.

ఈ విద్య ఆవిడకి పుట్టుకతో రాలేదు. పౌరుషంతో వచ్చింది.

పెళ్ళయి కాపురానికి వచ్చినప్పుడు వాళ్ళమ్మ రెండు జతల తెల్ల దుప్పట్లు పెట్టి పంపింది. మెత్తటి నూలు దుప్పట్లు, అంచులకి తెల్లదారంతోనే సన్నటి ఆకుల కుట్టు. దగ్గరికి పట్టుకుని చూస్తే తప్ప ఆకులు కనపడవు. వాళ్ళమ్మ కళ్ళలో వత్తులు వేసుకుని కుట్టినవి. కొత్త కోడలు ఒక జత ఉతికి, చక్కగా పిండి, డాబా మీద ఆరేసి కిందికి వచ్చి పడుకుంది. మిగతా దండేలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో అడగాలని తోచలేదు. అంత ఎండలో అంత ఖాళీ దండెం దొరికిందని సంతోషపడింది కూడాను. సాయంత్రం వెళ్ళి చూసేసరికి దుప్పట్లు గాడిద రంగులోకి తిరిగి ఉన్నాయి. దులిపింది. దులిపిన కొద్దీ బూడిద లోపలికి ఇంకింది. ఉతికింది. ఉతికిన కొద్దీ చారలు తేలాయి.

ఆ సమయానికి షిఫ్టు దిగి వచ్చాడు మొగుడు. బాయిలరు దగ్గర పని. కనుబొమ్మల్లో కూడా బొగ్గే. పెళ్ళాం చేతిలోని దుప్పటి చూసి పగలబడి నవ్వాడు.

"పరవాలేదే, మా పొగ అప్పుడే నిన్ను పలకరించిందన్నమాట."

కొత్త పెళ్ళికూతురితో ఆడాల్సిన మాటేనా అది? ఆవిడ అన్నం వడ్డించింది, నీళ్ళు పెట్టింది, మాట మాత్రం వడ్డించలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇంట్లో గోడ గడియారం ఒక్కటే మాట్లాడేది. చివరికి ఆయనే దిగి వచ్చాడు. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే ఊదడానికి ఇచ్చే స్టీలు ఈలల్లో పాతదొకటి పెట్టెలో పడి ఉంటే పైవాళ్ళని అడిగి తెచ్చుకుని, తుడిచి, దారం కట్టి ఆవిడ ముందు పెట్టాడు.

"నేను పైన ఏం చేయలేను. పొగ ఎటు పోవాలో నా చేతిలో లేదు. నువ్వు చూసి ఊదుకో. నీ బట్టలైనా మిగుల్తాయి."

ఆవిడ ఈల తీసుకుంది. తన బట్టలొక్కటే కాపాడుకునే మనిషైతే ఈ కథే లేదు. మొదటి రోజునుంచే కాలనీ మొత్తానికి ఊదింది. రెండో జత దుప్పట్లని మాత్రం ట్రంకు పెట్టె అడుగున పెట్టి తాళం వేసింది. ఎప్పుడైనా తీసినా, ఇంట్లోనే పరిచి, ఇంట్లోనే ఉతికి, వంటగదిలో తాడు కట్టి ఆరబెట్టి, మళ్ళీ పెట్టెలోకే. ఇన్నేళ్ళ కాపురంలో ఆ దుప్పట్లకి ఎండ ఎలా ఉంటుందో తెలియదు.

పై అంతస్తులో కుట్టు మిషను పెట్టుకున్న ఒక ఇల్లాలు ఉండేది. అందరికీ కుట్టు వదిన. ఆవిడకి నోరు ఊరుకోదు. ఇస్త్రీ కొట్టు గడప మీద కూర్చుని రోజూ ఒకే పాట పాడేది.

"మీ ఆయన బొగ్గు కాల్చి కరెంటు తీస్తాడు. ఆ బొగ్గు బూడిద మా బట్టల మీద పడుతుంది. మేము మళ్ళీ ఉతుక్కుని నీ దగ్గరికి తెస్తాం. నువ్వు మీ ఆయన కరెంటుతోనే ఇస్త్రీ చేసి మా దగ్గర డబ్బులు పుచ్చుకుంటావు. ఏం కాపురం వదినా మీది, ఊరంతా కలిసి మీ ఇద్దర్ని పోషిస్తున్నట్టుంది."

"నీకు కుళ్ళు వదినా," అనేది ఈలమ్మ, ఇస్త్రీ పెట్టె మీద నుంచి తలెత్తకుండా.

ఇక మొగుడి సంగతి. ఆయనకి బాయిలరంటే ప్రాణం. ఇంట్లో పెళ్ళాం వంట ఎలా ఉందో చెప్పమంటే నీళ్ళు నమిలేవాడు గానీ, బాయిలరు ఆ రోజు ఎలా మండిందో చెప్పమంటే కంచం ముందు చెయ్యి ఎండిపోయేదాకా చెప్పేవాడు. ముసురు పట్టి లోకమంతా ముడుచుకుని పడుకున్న రోజుల్లో కూడా ఆసుపత్రుల్లో దీపాలు వెలిగాయంటే, రైళ్ళు నడిచాయంటే, అది తమ చలవే అని ఆయన నమ్మకం. ఆ నమ్మకం అబద్ధమూ కాదు. దేశానికి వెలుగిచ్చిన చేతులు అవి. ఆ చేతులు ఎంత తోమినా గోళ్ళ కింద నలుపు పోయేది కాదు, ఆయనకి అది పోవాలనీ ఉండేది కాదు.

అలాంటి మనిషి కళ్ళెదుటే తూర్పు గుట్ట మీద గాలిమరలు లేచాయి. మొదట ఒకటి, ఆనక వరసగా. పొడుగాటి లారీల మీద రెక్కలు వస్తుంటే కాలనీ అంతా గోడలెక్కి చూసింది. ఆయన మాత్రం కిటికీ మూసి కూర్చున్నాడు. ఎవరైనా కదిలిస్తే, "ఫ్యాన్లు. పెద్ద ఫ్యాన్లు. ఫ్యాను కరెంటుతో తిరగడం చూశాం గానీ, ఫ్యాను తిరిగి కరెంటిస్తుందట. తలకిందుల వ్యవహారం," అనేవాడు.

ఆ తలకిందుల వ్యవహారమే చివరికి ఇంటి గడప తొక్కింది. ఫ్యాక్టరీ ముసలిదైపోయిందని, బాగు చేయించడం కన్నా ఆపేయడం మేలని, పొగగొట్టం ఇక చల్లారిపోతుందని పైనుంచి మాట వచ్చింది. పనివాళ్ళకి రెండు దారులు చూపించారు. ఇష్టమైనవాళ్ళు శిక్షణ తీసుకుని గుట్ట మీది గాలిమరల కంట్రోలు గదిలో చేరవచ్చు. లేదా ఎక్కడో దూరాన ఇంకా బొగ్గు మండుతున్న పెద్ద ఫ్యాక్టరీకి బదిలీ మీద పోవచ్చు. అక్కడ కుటుంబాలకి క్వార్టర్లు లేవు, మగవాళ్ళు గదుల్లో సర్దుకోవాలి. పొగ ఆగిన వారంలోగా ఏ సంగతో తేల్చి చెప్పాలి.

"నేను బదిలీకే పోతాను," అన్నాడు ఆయన, చెప్పులు విడవకముందే.

ఈలమ్మ చేతిలో ఇస్త్రీ చొక్కా అలాగే ఉండిపోయింది. "మరి నేను?"

"నువ్వు అమ్మాయి దగ్గరికి పో. నెలకోసారి వస్తుంటాను."

"ఇన్నేళ్ళు మీ పొగ దులుపుకుంటూ మీతో ఉన్నది, పొగ ఆగిపోయాక విడిగా ఉండటానికా?"

ఆయన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. ఏడిస్తే వినే మనిషి కాదని ఆవిడకి తెలుసు. అందుకని ఏడవకుండా పోట్లాటకి దిగింది. రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. పట్నంలో సిటీ బస్సు నడిపే కూతురు కూడా ఫోనులో తల్లి పక్షమే పలికింది. "నాన్నా, డీజిలు బస్సు నా దగ్గర్నుంచి తీసుకున్న రోజున నేనూ ఏడ్చాను. ఇప్పుడు కరెంటు బస్సు ఇచ్చారు. హారను కొడితే తప్ప బండి వస్తోందని ఎవరికీ తెలియట్లేదు. దిగాక చెవులు హాయిగా ఉంటున్నాయి."

"చెవులు నీవి, బాయిలరు నాది," అని ఫోను పెట్టేశాడు తండ్రి.

ఒక సాయంత్రం మాటా మాటా పెరిగింది.

"నిప్పు పెడితే మండుతుంది. అది నిప్పు గుణం," అన్నాడు ఆయన. "గాలికి ఏం గుణం ఉంది? వస్తే వచ్చింది, లేకపోతే లేదు. దాన్ని నమ్ముకుని దేశం దీపం పెట్టుకుంటుందా?"

"గాలి గుణం మీకు తెలియదేమో, నాకు తెలుసు. ఇన్నేళ్ళలో ఎప్పుడొస్తుందో ముందే చెప్పలేదా? ఒక్కసారి తప్పానా?"

జవాబు లేనప్పుడు పందెం వేయడం ఆయన అలవాటు.

"సరే. పొగ ఆగాక కూడా అలాగే చెప్పు. పడమటి గాలి ఎప్పుడొస్తుందో వచ్చేముందు ఊదు. నీ మాట నిలబడితే ఆ ఫ్యాన్ల దగ్గరికే వెళ్తాను. తప్పితే నా పెట్టె సర్దు. మళ్ళీ నోరెత్తకూడదు."

"సర్దుతాను," అంది ఈలమ్మ. లోపల్లోపల ఎగిరి గంతేసింది. ఇంత సులువైన పందెం ఎవరైనా వేస్తారా అనుకుంది.

పొగగొట్టం చివరి రోజున కాలనీ అంతా డాబాలెక్కింది. పొగ సన్నబడింది, తెల్లబడింది, చివరికి ముసలివాడి ఊపిరిలా కాస్త కాస్త వచ్చి ఆగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తిట్టుకున్నవాళ్ళు కూడా ఊరికే నిలబడ్డారు. ఈలమ్మకి ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పొగని ఎన్ని తిట్లు తిట్టింది, ఎన్నిసార్లు దానికి శాపనార్థాలు పెట్టింది. అయినా రోజూ చూసిన మొహం కదా. ఆయన ఇంటికొచ్చి పంపు కింద చేతులు పెట్టి చాలాసేపు కడుక్కున్నాడు. ఆవిడ తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడింది, పందెం మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున ఈలమ్మ ధీమాగా డాబా ఎక్కింది. ఈల మెడలో ఉంది. పడమటికి చూసింది. పొగగొట్టం ఉంది. దాని పైన ఏమీ లేదు. నీలంగా, బోలెడంత ఆకాశం.

అప్పుడు తెలిసింది ఆవిడకి, తన కొంప మునిగిందని. ఇన్నేళ్ళూ తాను చూసింది గాలిని కాదు, పొగని. పొగ ఒరిగితే గాలి ఒరిగినట్టు. పొగ లేకపోతే గాలి ఎటుందో తనకీ తెలియదు, ఎవరికీ తెలియదు. వేలు తడిపి పైకెత్తింది. వేలు చల్లబడింది, అన్ని వైపులా చల్లబడింది. అయినా పందెం పందెమే కదా, మధ్యాహ్నం గాలొస్తుందని గుడ్డిగా ఊదింది. మధ్యాహ్నం ఆకు కూడా కదల్లేదు. తూర్పు గుట్ట మీద గాలిమరలు బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడ్డాయి. ఆయన కిటికీలోంచి వాటిని చూసి, పెళ్ళాన్ని చూసి, ఏమీ అనకుండా పేపరు తిరగేశాడు. అనకపోవడమే ఎక్కువ మండింది ఆవిడకి.

ఆ తర్వాతి రోజు ఇంకా ఘోరం జరిగింది. ఆవిడ కొట్లో ఏదో పరాకుగా చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. కిటికీలోంచి చూసేసరికి పొగగొట్టం నెత్తి మీద నల్లగా ఏదో ఒరిగి, తోక సన్నబడి, నీళ్ళ ట్యాంకు వైపు వంగుతోంది. ఇంకేముంది, కాళ్ళే మెట్లెక్కాయి. ఊపిరి బిగబట్టి, ప్రాణం పెట్టి, పొడుగ్గా ఊదింది.

కాలనీ అంతా కదిలింది. అన్ని బ్లాకుల్లోంచీ జనం బిలబిలమంటూ డాబాల మీదికి వచ్చిపడ్డారు. చొక్కాలు లాగారు, లంగాలు లాగారు, క్లిప్పులు గాల్లోకి ఎగిరాయి. దండెం మీద తమ బట్టలేవీ లేనివాళ్ళు పక్కవాళ్ళ బట్టలు లాగి సాయం చేశారు. సగం గడ్డం గీసుకున్న ఒకాయన ఎవరిదో చీర భుజాన వేసుకుని నిలబడ్డాడు. అంతా అయ్యాక, అందరూ చేతుల నిండా బట్టలతో ఆయాసపడుతూ ఉండగా, కుట్టు వదిన ఆకాశం వైపు చూసింది.

"ఈలమ్మ వదినా," అంది నెమ్మదిగా, "ఏ బూడిద?"

అందరూ పైకి చూశారు. పొగగొట్టం వెనక నుంచి చిన్న మబ్బు ముక్క ఒకటి తీరుబడిగా పోతోంది.

ఎవరు ముందు మొదలుపెట్టారో గానీ నవ్వు ఒక డాబా మీద నుంచి ఇంకో డాబాకి పాకింది. సగం గడ్డం ఆయన చీరతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఈలమ్మ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కిందికి దిగి, కొట్టు తలుపు దగ్గరగా వేసుకుని, స్టూలు మీద కూలబడింది. అప్పుడు ఏడుపొచ్చింది. పందెం ఓడిపోయింది. లేని గాలికి ఊదింది, లేని బూడిదకి ఊదింది. ఇక ఏ మొహం పెట్టుకుని ఆయన్ని ఆపుతుంది?

ఇంటికెళ్ళేసరికి ఆయన లేడు. ఎటో వెళ్ళాడు. బదిలీ కాగితం మీద సంతకం పెట్టడానికే అయి ఉంటుందనుకుంది. మాట ఇచ్చింది కాబట్టి ఆయన పెట్టె సర్దుదామని ట్రంకు తెరిచింది. స్వెట్టర్లు తీసింది, మఫ్లరు తీసింది. అడుగున తెల్ల దుప్పట్లు తగిలాయి.

వాటిని చూడగానే ఎక్కడలేని రోషం ముంచుకొచ్చింది. కాపురమే రెండుగా చీలిపోతోంది, ఇంకా ఇవి ఎవరి కోసం దాచడం? బూడిద లేదు, పొగ లేదు, భయం లేదు. పోయేముందు ఒక్కసారైనా వీటికి ఎండ చూపించాలి. అప్పటికప్పుడు రెండింటినీ నానబెట్టి, పళ్ళు నూరుకుంటూ ఉతికి, బకెట్టులో వేసుకుని బయల్దేరింది. మెట్ల మీద కుట్టు వదిన ఎదురైంది.

"ఏంటి వదినా ఇది, బయటే ఆరేస్తావా?"

"ఆరేస్తాను. నువ్వొక కొస పట్టుకో."

కుట్టు వదిన వెంటే మెట్లెక్కింది. కొస పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపు లాగి, విదిలించి, దండెం మీద వేశారు. అంచుల్లోని తెల్లటి ఆకులు ఎండ వెనకనుంచి పడేసరికి ఒక్కొక్కటిగా కనపడ్డాయి. ఈలమ్మకే తెలియదు అన్ని ఆకులున్నాయని. వాళ్ళమ్మ వేళ్ళు గుర్తొచ్చాయి. కుట్టు వదిన అంచు పట్టుకుని చూసి, "ఈ కుట్టు నాకు రాదు," అంది. ఆ నోటితో ఆ మాట ఇంతకుముందెవరూ వినలేదు.

పక్క డాబావాళ్ళు చూశారు. మూడో బ్లాకులో ఎవరో గబగబా లోపలికి వెళ్ళి, ఎప్పటిదో తెల్లటి పరదా తెచ్చి తడిపి ఆరేశారు. వాళ్ళని చూసి ఇంకొకరు. కాలనీలో అందరికీ ట్రంకుల అడుగున ఏదో ఒక తెల్లగుడ్డ దాగి ఉందని ఆ రోజే బయటపడింది. బల్ల గుడ్డలు, చంటిపిల్లల బట్టలు, ఎవరిదో పాత డాక్టరు కోటు, పెళ్ళికి కుట్టించుకుని మళ్ళీ వేసుకోని చొక్కాలు. సాయంత్రం ఎండ వాలేసరికి మొదటి బ్లాకు నుంచి చివరి బ్లాకు దాకా డాబాలన్నీ తెల్లబడిపోయాయి. జనం ఎవరి పనులు వాళ్ళు మానేసి పైనే నిలబడ్డారు. పండగలా ఉంది ఈలమ్మ మనసుకి. దిగులు ఎక్కడికీ పోలేదు, కానీ దానితో పాటే సంతోషం కూడా ఒక పీట వేసుకుని కూర్చుంది.

అలా చూస్తూ ఉండగా, పడమటి కొసన, మొదటి బ్లాకు మీది గుడ్డలు కదిలాయి. ఈలమ్మ దుప్పట్లు ఇంకా నిశ్చలంగానే ఉన్నాయి. కాసేపటికి రెండో బ్లాకు మీది గుడ్డలు లేచాయి. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. గాలి నడిచి వస్తోంది. డాబా మీద నుంచి డాబా మీదికి, చూస్తూ ఉండగానే, మనిషిలా నడిచి వస్తోంది. మూడో బ్లాకు మీది పరదా ఉబ్బేలోపు ఈల నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఊదింది. ఈసారి ఎవరూ బట్టలు తీయలేదు. అందరూ ఆవిడ వంక చూశారు. ఆవిడ తూర్పు గుట్ట వైపు చెయ్యి చూపించింది.

దుప్పట్లు ఫెళ్ళున లేచాయి. ఆవిడ జుట్టు ముడి ఊడిపోయింది. ఇంకాసేపటికి గుట్ట మీద మొదటి గాలిమర ఒక రెక్క కదిపింది, ఆలోచించింది, తిరగడం మొదలుపెట్టింది. ఆనక పక్కది. ఆనక అన్నీ.

"చూశావా," అంది ఈలమ్మ, పక్కనున్నది కుట్టు వదినే అనుకుని. తిరిగి చూస్తే మొగుడు. ఎప్పుడు మెట్లెక్కి వచ్చాడో, దుప్పటి కొస పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వు నిన్న మధ్యాహ్నమే పందెం ఓడిపోయావు," అన్నాడు.

"ఓడిపోయాను. మీ పెట్టె సగం సర్దాను. మిగతాది రేపు సర్దుతాను."

ఆయన దుప్పటిని రెండు వేళ్ళ మధ్య పెట్టి రాశాడు, బొగ్గు పొడి నాణ్యం చూసినట్టు. వేళ్ళు విప్పి చూసుకున్నాడు. వేళ్ళ మీద ఏమీ లేదు.

"సర్దక్కర్లేదు. గుట్ట మీద శిక్షణకి సంతకం పెట్టి వస్తున్నాను."

ఈలమ్మకి అర్థం కాలేదు. "ఎప్పుడు?"

"నువ్వు మబ్బుకి ఈల ఊదావు చూడు, ఆ తర్వాత."

"నన్ను చూసి ఊరంతా నవ్వాక మీకు బుద్ధి పుట్టిందా?"

"నవ్వింది తర్వాత సంగతి. ముందు పరిగెత్తుకొచ్చారు." ఆయన దుప్పటి కొస సరిచేశాడు. "పొగ ఆగిపోయిందని ప్రతివాడికీ తెలుసు. ఆపిన వాళ్ళలో సగంమంది వాళ్ళే. అయినా నువ్వు ఊదావని వచ్చారు, తమ కళ్ళని కూడా నమ్మకుండా. నేనూ వచ్చాను. నీ జాకెట్టు ఒకటి, నా బనీను ఒకటి పట్టుకుని రెండో వైపు నిలబడ్డాను, నువ్వు చూసుకోలేదు. ఆ బనీను పట్టుకుని నిలబడి అనుకున్నాను, ఈ చోటు వదిలి నేనెక్కడికి పోతానని."

దుప్పటి గాలికి లేచి ఇద్దరి మొహాల మీదా పడింది. ఆవిడ దాన్ని తీయడానికి తొందరపడలేదు. ఎప్పుడో పక్క డాబా మీదికి జారుకున్న కుట్టు వదిన, "వదినా, కనపడుతున్నారు," అని కేకేసింది.

ఆయన శిక్షణకి వెళ్ళాడు. చదువుకునే వయసు దాటిపోయిందని సణిగాడు, వెనక బెంచీలో కూర్చుని ముందు బెంచీ ప్రశ్నలడిగాడు. ఇంటికొచ్చి బాయిలరు గురించి చెప్పినట్టే ఇదీ చెప్పడం మొదలుపెట్టాడు. "ఇక్కడ గాలి పడిపోతే అక్కడెక్కడో ఎండ కాస్తుందట. అక్కడా మబ్బు పడితే డ్యాము తలుపులెత్తుతారట. అన్నీ కలిసి ఒక్క తీగ మీదికి వస్తాయి. అప్పటికీ చాలకపోతే..." అని ఆగి, కాస్త గర్వంగా, "ఇప్పటికీ మా బొగ్గే దిక్కు," అనేవాడు. ఈలమ్మ ఆ గర్వాన్ని ముట్టుకోలేదు. గాలిమరల్ని ఆయన ఇప్పటికీ ఫ్యాన్లనే అంటాడు, కాకపోతే మా ఫ్యాన్లు అంటున్నాడు. ఆయన గోళ్ళ కింది నలుపు నెమ్మదిగా పోయింది. ఒకరోజు అన్నం తింటూ చేతులు చూసుకుని, "ఇవి ఎవరివి?" అన్నాడు. కాస్త దిగులుగానే అన్నాడు. ఆవిడ ఆ చేతిలో ఇంకో ముద్ద పెట్టింది.

ఇస్త్రీ కొట్టు దెబ్బతింటుందని అందరూ భయపడ్డారు. అదేమీ జరగలేదు. బయట గాలికి ఆరిన బట్టలు చచ్చేంత ముడతలు పడుతున్నాయి. బల్ల మీద గుట్టలు గుట్టలు. కుట్టు వదిన గడప మీద కూర్చుని పాట మార్చింది. "మీ ఆయన ఫ్యాన్ల గాలికి మా బట్టలు ముడతలు పడుతున్నాయి. ఆ ఫ్యాన్ల కరెంటుతోనే నువ్వు సాపు చేస్తున్నావు. అప్పుడూ మీరే, ఇప్పుడూ మీరే."

"గాలి ఫ్యాన్లది కాదు వదినా, గాలికి ఫ్యాన్లు తిరుగుతాయి."

"ఏదైతేనేం, డబ్బులు నీకే."

ఈల ఇప్పుడు కొట్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది. తెల్ల దుప్పట్లు మాత్రం ట్రంకులోకి మళ్ళీ వెళ్ళలేదు. ఒకటి మంచం మీద ఉంటే ఇంకొకటి డాబా మీద.

నిన్న మధ్యాహ్నం ఆవిడ చేతి నిండా పని ఉండగా ఫోను మోగింది. గుట్ట మీది కంట్రోలు గది నుంచి ఆయన.

"ఏం చేస్తున్నావు?"

"ఇస్త్రీ చేస్తున్నాను. మీరేం చేస్తున్నారు, పనిలేదా?"

"ఉంది. దుప్పటి ఆరేశావా?"

"ఆరేశాను."

"ఎటు ఊగుతోంది?"

ఈలమ్మ ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "మీ దగ్గర అంతంత మీటర్లున్నాయి కదండీ. గాలి ఎటుందో అవి చెప్పవా?"

"చెప్తాయి," అన్నాడు ఆయన. "అయినా నువ్వు చెప్పు."

ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని మెట్లెక్కింది.